ఉప్పునీటి చేప తిండి మానేసిందా? మందు కన్నా ముందు నీళ్ళు చూడండి

 

ఈ మధ్య నాకు ఒకే రకం మెసేజ్‌లు ఎక్కువ వస్తున్నాయి. "అన్నా, మా నీమో మూడు రోజుల నుంచి ఏమీ తినట్లేదు. ఏం మందు వెయ్యాలి?" నీమో అంటే మీకు తెలుసు కదా, 2003లో వచ్చిన సినిమాలో ఆరెంజ్ మీద తెల్ల చారలుండే చేప. దాని అసలు పేరు క్లౌన్ ఫిష్. ఈ మెసేజ్‌లు నరసరావుపేట నుంచి, చిలకలూరిపేట నుంచి, ఒంగోలు నుంచి కూడా వస్తున్నాయి. పత్తి, మిర్చి పండే నేల మీద, ఇంటి హాల్లో ఒక చిన్న సముద్రం పెట్టుకుంటున్నాం అన్నమాట. పెట్టుకోవడం వరకూ బాగానే ఉంది. దాన్ని నిలబెట్టుకోవడం దగ్గరే అసలు కథ.

కాబట్టి ఈ ఎపిసోడ్‌లో ఉప్పునీటి చేపకి ఒంట్లో బాగోకపోతే ఏం చూడాలి, ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు, ఇవన్నీ వరసగా మాట్లాడుకుందాం. అన్నిటికన్నా ముందు ఒక మాట. చేప తిండి మానేయడం జబ్బు కాదు. అదొక కబురు. ఎక్కడో ఏదో తేడా వచ్చిందని చేప మనకి చెప్పే మొదటి కబురు.

మన దగ్గర మిర్చి రైతుని అడగండి. ఆకు ముడుచుకుంది అనగానే షాపుకెళ్ళి ఏదో ఒక డబ్బా తెచ్చి కొట్టేవాళ్ళు ఉంటారు. అనుభవం ఉన్న రైతు ముందు ఆకు తిప్పి చూస్తాడు. పై ముడత అయితే తామర పురుగు, కింద ముడత అయితే నల్లి. రెండిటికీ మందు వేరు. చూడకుండా కొడితే డబ్బూ పోతుంది, పంటా పోతుంది. చేప విషయంలో కూడా ఇంతే. ఆకు తిప్పి చూడటం అంటే ఇక్కడ నీళ్ళు టెస్ట్ చేయడం.

ఒక తమ్ముడు పంపిన వీడియో గురించి చెప్తాను, తన పర్మిషన్ తీసుకునే చెప్తున్నాను. ట్యాంక్ పెట్టి ఆరు వారాలైంది. రెండు క్లౌన్ చేపలు తెచ్చాడు. ఒకటి చనిపోయింది. రెండోది ఒక మూలకి చేరి, పైకి నోరు పెట్టి, గబగబా ఊపిరి పీలుస్తోంది. తినట్లేదు కదా అని భయపడి, రోజుకి నాలుగుసార్లు ఫుడ్ వేస్తున్నాడు. తినని ఫుడ్ అంతా ఇసుకలో కూర్చుంటోంది. పైగా మూడు రకాల మందులు అప్పటికే పోసేశాడు. నేను అడిగింది ఒక్కటే: "తమ్ముడూ, అమోనియా ఎంత ఉంది?" టెస్ట్ కిట్ లేదన్నాడు. మర్నాడు తెప్పించి చూస్తే రంగు ముదురు ఆకుపచ్చకి వెళ్ళింది. అంటే ఆ చేప విషంలో ఈదుతోంది. అలాంటప్పుడు ఎవరికి ఆకలి వేస్తుంది చెప్పండి?

ఇక్కడ కొంచెం సైన్స్ చూద్దాం, భయపడకండి. తినని తిండి కుళ్ళినా, చేప వ్యర్థాల నుంచైనా అమోనియా వస్తుంది. బాగా సెట్ అయిన ట్యాంక్‌లో మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చేస్తుంది. ఆ బ్యాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. కొత్త ట్యాంక్‌లో అది చాలినంత ఉండదు. ఇంకో తేడా కూడా ఉంది. ఉప్పునీటి పీహెచ్ 8.2 చుట్టూ ఉంటుంది. ఆ పీహెచ్ దగ్గర, మన ఎండకి, మొత్తం అమోనియాలో సుమారు పదో వంతు అసలైన విషం రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటి ట్యాంక్‌లో అది నూటికి ఒక వంతు కూడా ఉండదు. అందుకే మంచినీటి చేపలు పెంచిన అనుభవంతో "కొంచెం అమోనియా ఉంటే ఏమవుతుందిలే" అనుకోవద్దు. ఇక్కడ రీడింగ్ సున్నా ఉండాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. మంచినీటి చేప నీళ్ళు దాదాపు తాగదు. సముద్రపు చేప తాగుతూనే ఉంటుంది. చుట్టూ ఉప్పు ఎక్కువ కాబట్టి దాని ఒంట్లో నీళ్ళు బయటికి పోతుంటాయి. ఆ లోటు పూడ్చడానికి ఉప్పునీళ్ళు తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల ద్వారా బయటికి పంపుతుంది. అంటే మీరు ట్యాంక్‌లో ఏం పోసినా అది చేప కడుపులోకే వెళ్తుంది. మొప్పలు దెబ్బతింటే ఊపిరి ఒక్కటే కాదు, ఒంట్లో నీళ్ళ లెక్క కూడా తప్పుతుంది.

సరే, చేప తినట్లేదు. మొదటి గంటలో ఏం చేయాలి? ఐదు పనులు.

ఒకటి, ఫుడ్ ఆపేయండి. ఒక్క రోజు ఏమీ వేయొద్దు. అడుగున మిగిలిపోయిన తిండిని సన్న పైపుతో లాగేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద క్లౌన్ చేప కొన్ని రోజులు తినకపోయినా తట్టుకుంటుంది. చెడిన నీళ్ళని మాత్రం ఒక రాత్రి కూడా తట్టుకోలేకపోవచ్చు.

రెండు, టెంపరేచర్ చూడండి. 25 నుంచి 27 డిగ్రీలు మంచిది. మే నెలలో రెంటచింతల పేరు రోజూ వార్తల్లో వింటాం కదా, ఆ ఎండల్లో హాల్లో ఉన్న ట్యాంక్ సులువుగా 32 దాటేస్తుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు సముద్రపు నీటిలో సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది. 32 దగ్గర అది 6 చుట్టుపక్కలకి పడిపోతుంది. అదే టైమ్‌లో వేడికి చేపకి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. నీటి మీదుగా చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. కానీ గుర్తుపెట్టుకోండి, ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. తగ్గినంత మేర ఉప్పు లేని ఆర్వో నీళ్ళు పోయాలి. ఐస్ ముక్కలు నేరుగా వేయొద్దు. మూత గట్టిగా బిగించిన సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, ఆ సీసాని తేల్చండి. గంటకి ఒక డిగ్రీ కన్నా ఎక్కువ తగ్గించకండి.

మూడు, గాలి. ఎయిర్ పంప్ పెట్టండి. మన ఊళ్ళలో కరెంట్ ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి బ్యాటరీతో నడిచే పంప్ ఒకటి ఇంట్లో ఉండాల్సిందే. టీవీకి ఇన్వర్టర్ ఇచ్చేవాళ్ళు ముందు ఈ పంప్‌కి ఇవ్వండి.

ఇదే పాయింట్‌లో ఒక హెచ్చరిక. ఎయిర్ పంప్ గదిలో గాలినే పీల్చి నీళ్ళలోకి పంపుతుంది. ఆ గదిలో దోమల లిక్విడ్ మెషీన్ ఉంటే, బొద్దింకల స్ప్రే కొడితే, అవి కూడా నీళ్ళలోకే. వీటిలో ఎక్కువగా ఉండేవి పైరెత్రాయిడ్లు. పత్తి చేలో కొట్టే సైపర్‌మెత్రిన్ కూడా ఆ కుటుంబమే. మనుషుల కన్నా చేపలకి, రొయ్యలకి ఇవి ఎన్నో రెట్లు విషం. ఇంట్లో ఎవరైనా చేలో మందు కొట్టి వస్తే, స్నానం చేసి, చేతులు సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయాకే ట్యాంక్ ముట్టుకోవాలి. మందు కలిపిన బకెట్‌ని ఎన్నిసార్లు కడిగినా సరే, ఈ నీళ్ళకి వాడొద్దు.

నాలుగు, ఉప్పు కొలవండి. రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ, అంటే సాంద్రత 1.025 చుట్టూ ఉండాలి.

ఐదు, టెస్ట్ కిట్‌తో అమోనియా, నైట్రైట్ చూడండి. ఏదైనా కనిపిస్తే మూడో వంతు నుంచి సగం దాకా నీళ్ళు మార్చండి. కొత్త నీళ్ళ టెంపరేచర్, ఉప్పు, పీహెచ్ పాత నీళ్ళతో సరిపోవాలి.

నీళ్ళు అన్నాం కాబట్టి ఇంకో మాట. "చినగంజాంలో ఉప్పు పండుతుంది కదా అన్నా, ఆ కళ్ళుప్పు కలిపితే సరిపోదా?" అని అడుగుతుంటారు. సరిపోదండీ. కూరలో వేసే ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 1.3 గ్రాముల మెగ్నీషియం, 400 మిల్లీగ్రాముల కాల్షియం, దాదాపు అంతే పొటాషియం ఉంటాయి. అక్వేరియం కోసం చేసిన మెరైన్ సాల్ట్‌లో ఇవన్నీ లెక్కప్రకారం ఉంటాయి. మరి సూర్యలంక నుంచో వాడరేవు నుంచో క్యాన్లలో నీళ్ళు తెచ్చుకుంటే? ఒడ్డు దగ్గర నీళ్ళలో వానాకాలం ఉప్పు తగ్గిపోతుంది, కాలవల నీళ్ళు, రొయ్యల చెరువుల నీళ్ళు కలుస్తుంటాయి. జబ్బు చేసిన చేపకి అది రిస్క్. బోరు నీళ్ళు అసలు వద్దు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ సంగతి మనకి కొత్త కాదు. ఆర్వో నీళ్ళు తెచ్చినా టీడీఎస్ మీటర్ పెట్టి చూసుకోండి.

నీళ్ళన్నీ బాగానే ఉన్నాయి, అయినా తినట్లేదు. అప్పుడు చేప ఒంటిని చూడండి. మీ ఫోనే మీకు మైక్రోస్కోప్. ట్యాంక్‌లో నీలం లైట్ ఆపేసి, తెల్ల లైట్ కింద స్లో మోషన్ వీడియో తీయండి. మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కపెట్టండి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి రాసుకోండి. ఆ నంబర్ కన్నా అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నదే ముఖ్యం. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ డౌన్ అయితే ముందు లాగ్స్ చూసేవాళ్ళం. ఈ నోట్‌బుక్ మీ లాగ్ అనుకోండి.

ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు, లెక్కపెట్టగలిగేటట్టు ఉంటే అది మెరైన్ ఇక్, క్రిప్టోకారియన్ అనే పరాన్నజీవి. సన్నని పిండి చల్లినట్టు ఉండి ఊపిరి బాగా వేగంగా ఉంటే వెల్వెట్, ఇది రోజుల్లోనే చంపేస్తుంది. ఒళ్ళంతా జిగురు కట్టి పొరలా ఊడుతుంటే బ్రూక్లినెల్లా. క్లౌన్ చేపల్లో ఇది ఎంత ఎక్కువంటే దీనికి క్లౌన్ ఫిష్ డిసీజ్ అనే పేరు కూడా ఉంది.

ఒంగోలు, చీరాల వైపు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్తున్నాను. తెల్ల మచ్చ అనగానే మీకు రొయ్యల వైట్ స్పాట్ గుర్తొస్తుంది. 1994-95 ప్రాంతంలో మన తీరంలో చెరువులకి చెరువులు ఊడ్చేసిన జబ్బు అది. పేరు దగ్గరగా ఉంది కానీ జబ్బు వేరు. అది రొయ్య జాతికి వచ్చే వైరస్. ఇది చేపకి వచ్చే పరాన్నజీవి. కాబట్టి రొయ్యల మందుల షాపులో ఇచ్చింది తెచ్చి పోయకండి. అందులోనూ క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి యాంటీబయాటిక్స్ మన దేశంలో ఆక్వా కల్చర్‌లో నిషేధం. పరాన్నజీవి మీద అవి పనిచేయవు కూడా. ట్యాంక్‌లో ఉన్న మంచి బ్యాక్టీరియాని మాత్రం దెబ్బతీసే ప్రమాదం ఉంది.

ఇక్ ఎందుకు మొండిదంటే, చేప మీద నాలుగైదు రోజులు ఉండి, ఊడి కింద పడి, ఇసుకలో గుడ్డులా చుట్టుకుని, లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. కొన్ని రోజుల నుంచి వారాల తర్వాత బయటికొచ్చి మళ్ళీ చేపని వెతుక్కుంటుంది. అందుకే చుక్కలు మాయమైతే "తగ్గిపోయింది" అని పండగ చేసుకోవద్దు. అసలు ఆట అప్పుడే మొదలవుతుంది.

వైద్యం ఎప్పుడూ వేరే ట్యాంక్‌లో. 40, 50 లీటర్ల గాజు ట్యాంక్ గానీ, ఇంతవరకు దేనికీ వాడని ప్లాస్టిక్ టబ్ గానీ చాలు. ఇసుక వద్దు, రాళ్ళు వద్దు, ఎందుకంటే అవి మందుని పీల్చేసుకుంటాయి. ఒక స్పాంజ్ ఫిల్టర్, ఎయిర్ పంప్, దాక్కోవడానికి ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ ఎల్బో ఒకటి. ఇక్‌కి, వెల్వెట్‌కి ఎక్కువగా వాడేది రాగి. మామూలు రాగి మందైతే లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. వేరే రూపంలో ఉన్న రాగికి లెక్క వేరు, కాబట్టి సీసా మీద ఉన్నదే పాటించండి. రాగి టెస్ట్ కిట్‌తో రోజూ కొలుస్తూ సాధారణంగా మూడు వారాల పైన కొనసాగించాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప పోతుంది. చేలో వాడే మైలుతుత్తం ఇంట్లో ఉంది కదా అని చిటికెడు వేయకండి, ఆ చిటికెడు ఎంతో మీకు తెలియదు. పెద్ద ట్యాంక్‌లో రొయ్యలు, నత్తలు ఉంటే రాగికి అవి బతకవు. ఆ పెద్ద ట్యాంక్‌ని చేపలు లేకుండా కనీసం ఆరు వారాలు, వీలైతే పది పదకొండు వారాలు ఖాళీగా వదిలేయండి. చేప దొరక్క పరాన్నజీవి చచ్చిపోతుంది. బ్రూక్లినెల్లాకి రాగి పనిచేయదు. దానికి ఫార్మలిన్ వాడతారు, అది మనుషులకీ ప్రమాదమే. తెలిసినవాళ్ళు పక్కన లేకుండా దాని జోలికి వెళ్ళొద్దు.

ఇప్పుడు తిండి. జబ్బు పడిన చేపకి మనం పెట్టేది మందు కన్నా తక్కువేం కాదు. కానీ దానికి ఇష్టమైనదే పెట్టాలి.

మొదట ప్రాణంతో కదిలేది పెట్టండి. ఆర్టీమియా, అంటే బ్రైన్ ష్రింప్. మన తీరంలో రొయ్యల హ్యాచరీలు పిల్లలకి పెట్టేది ఇదే, కాబట్టి ఈ పేరు మన ప్రాంతానికి కొత్త కాదు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌లో ఉప్పునీళ్ళు పోసి, అర చెంచా గుడ్లు వేసి, కింద దాకా గాలి గొట్టం పెట్టి, 28 డిగ్రీల దగ్గర వెలుతురులో ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపేసి పది నిమిషాలు ఆగితే ఖాళీ పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందకి చేరతాయి. కింద నుంచి తీసి, సన్న గుడ్డలో వడకట్టి, కడిగి వేయండి. పొదిగిన రోజే వేస్తే బలం. ఆలస్యమైతే వాటి ఒంట్లో ఉన్న పచ్చసొన అయిపోతుంది.

కదిలే దాన్ని చూసి నోరు తెరిచాక, ఫ్రోజెన్ మైసిస్‌కి మారండి. ట్యాంక్ నీళ్ళలోనే కరిగించి, ఆ నీళ్ళు పారబోసి, ముక్కలు మాత్రమే వేయండి. ఆ తర్వాత నానబెట్టిన పెల్లెట్. ఆర్టీమియా మీదే నెలల తరబడి ఉంచకూడదు. సముద్రపు చేపలకి ఈపీఏ, డీహెచ్ఏ అనే కొవ్వులు తిండి నుంచే రావాలి, సొంతంగా సరిపడా తయారుచేసుకోలేవు. ఆర్టీమియాలో అవి చాలా తక్కువ. అదే కారణంతో బ్రెడ్డు, అన్నం, ఉడికించిన గుడ్డు, గోల్డ్ ఫిష్ ఫుడ్ పనికిరావు. వెల్లుల్లి రసంలో నానబెట్టి పెడితే కొన్ని చేపలు వాసనకి ముందుకొస్తాయి. అంతవరకే దాని పని, ఇక్ దాంతో తగ్గుతుందని నమ్మి రోజులు పోగొట్టుకోకండి.

ఎంత పెట్టాలి? చేప కన్ను సైజంత. రోజుకి రెండు మూడు సార్లు. పది నిమిషాల్లో తిననిది తీసేయాలి. కోలుకోవడం కూడా ఒక వరసలో జరుగుతుంది, గమనించండి. ముందు ఊపిరి నెమ్మదిస్తుంది. తర్వాత మూల వదిలి ముందుకొస్తుంది. తర్వాత తిండి వైపు చూస్తుంది. తర్వాత నోట్లో వేసుకుని ఉమ్మేస్తుంది. ఉమ్మేసిందని దిగులు పడకండి, అది మంచి వార్తే. ఆ తర్వాతే మింగుతుంది.

ఆ నరసరావుపేట తమ్ముడు సగం నీళ్ళు మార్చాడు, మందులు ఆపేశాడు, ఒక రోజు ఫుడ్ ఆపాడు, ఫ్యాన్ పెట్టాడు. రెండో రోజు ఇంకోసారి నీళ్ళు మార్చాడు. నాలుగో రోజు రాత్రి ఎనిమిది సెకన్ల వీడియో వచ్చింది. ఆ చేప ఒక ఆర్టీమియాని పట్టుకుని, ఉమ్మేసి, మళ్ళీ పట్టుకుని మింగింది. ఒక్క చుక్క మందు లేకుండా. చనిపోయిన మొదటి చేప తిరిగి రాదు. కానీ రెండోది ఇప్పుడు గాజు దగ్గరికి వచ్చి ఫుడ్ అడుగుతోందంట.

అన్నీ ఇలాగే ముగుస్తాయని చెప్పను. కొన్ని చేపలు మనం ఎంత చేసినా బతకవు. అప్పుడు చాలామంది మంచి మనసుతోనే ఒక పని చేస్తారు, వాడరేవు తీసుకెళ్ళి సముద్రంలో వదిలేస్తారు. దయచేసి చేయకండి. క్లౌన్ చేప పగడపు దిబ్బల్లో, సీ ఎనిమోన్ చేతుల మధ్య బతికే జీవి. మన ఒడ్డు ఇసుక, బురద. అక్కడ దానికి ఇల్లు లేదు. పైగా మన ట్యాంక్‌లో ఉన్న జబ్బుని మన జాలర్ల చేపలకి అంటించే ప్రమాదం ఉంది.

కొనేముందే ఆలోచించండి. షాపులో చేప మీ కళ్ళ ముందు తింటేనే కొనండి. హ్యాచరీలో పుట్టిన చేపేనా అని అడగండి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హ్యాచరీలో పుట్టించి పెంచే పద్ధతులు ఎప్పుడో తయారుచేసింది. అలా పుట్టినవి పెల్లెట్‌కి అలవాటు పడి ఉంటాయి, సముద్రం నుంచి పట్టినవి చాలాసార్లు ఉండవు. సీ హార్స్ గానీ, బతికున్న పగడం గానీ ఎవరైనా అమ్మజూపితే వెంటనే వద్దనండి. అవి వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్న జీవులు.

బాగా చూసుకుంటే క్లౌన్ చేప పదేళ్ళు దాటి బతుకుతుంది. అంటే ఇప్పుడు ఇంటర్ చదివే మీరు కొన్న చేప, మీకు ఉద్యోగం వచ్చాక కూడా మీ ఇంట్లోనే ఉండొచ్చు. అంత కాలం చూసుకోగలమా అని ముందే ఇంట్లో అమ్మతో, నాన్నతో మాట్లాడుకోండి. మీరు హాస్టల్‌కి వెళ్తే దాన్ని చూసేది వాళ్ళే మరి.

ఇప్పుడు మీ చేప తినకుండా ఉంటే, కామెంట్‌లో "ఏ మందు" అని అడగకండి. టెంపరేచర్ ఎంత, ఉప్పు ఎంత, అమోనియా ఎంత, మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయి, ఈ నాలుగు రాయండి. ఆ నాలుగు నంబర్లు ఉంటే నేనే కాదు, చేపలు పెంచే ఎవరైనా మీకు పనికొచ్చే జవాబు ఇవ్వగలరు. చాలాసార్లు అవి రాస్తుండగానే జవాబు మీకే దొరికేస్తుంది.

వచ్చే ఎపిసోడ్‌లో కరెంట్ పోయినప్పుడు ట్యాంక్‌ని ఎనిమిది గంటలు ఎలా నిలబెట్టాలో చూద్దాం. అందాకా ఉంటానండీ, నమస్తే.